పళ్ళెం తప్పిన అలారం

పన్నెండు నలభై. నా చేతిలో గంటా ఇరవై నిమిషాలే మిగిలాయి.

సరిగ్గా రెండింటికి రాజధాని ట్యూనిస్ నుంచి వచ్చిన బండి దోర్రా కమ్మూన్‌ని ఎక్కించుకుని వెళ్ళిపోతుంది. వెళ్ళిందంటే ఆ పిల్ల మళ్ళీ మా ఊరు స్ఫాక్స్ గాలి పీల్చేది ఏ పదిహేనేళ్ళకో. హత్యానేరం మరి. ఇరవై ఏడేళ్ళ పోలీసు ఉద్యోగంలో తాగి కొట్టుకు చచ్చినవాళ్ళని చూశాను, పెళ్ళాల్ని చంపి బావురుమన్న మొగుళ్ళని చూశాను. కంప్యూటరుతో మనిషిని చంపారన్న కేసు మాత్రం నాకు ఇదే మొదలు. అది కాస్తా నా మెడకే చుట్టుకుంది.

జరిగింది ఇంతే. మంగళవారం ఉదయం పదీ నలభైకి మా ఊరి డయాలసిస్ కేంద్రంలో హాజ్ బషీర్ అనే డెబ్బై ఏళ్ళ పెద్దాయన కుర్చీలోనే పోయాడు. చేతికున్న సూది ఊడిపోయి, దుప్పటి కింద రక్తమంతా కారిపోయింది. ఎవరూ గమనించలేదు. ఇలా జరగకూడదనే ప్రతి రోగి చేతి కిందా ఒక పట్టీ పెడతారు. దానికి తడి తగిలితే నర్సు బల్ల మీద అలారం మోగాలి. ఆ రోజు మోగలేదు. ఆ సాఫ్ట్‌వేరు తయారుచేసింది దోర్రా పనిచేసే కంపెనీ. పైగా, హాజ్ పోయేటప్పుడు దోర్రా ఆయన పక్కనే ఉంది, తొమ్మిదో కుర్చీలో ఉన్న వాళ్ళమ్మ సాల్హా చెయ్యి పట్టుకుని.

ఆ కంపెనీ ఆఫీసులోనే, మీటింగు గదిలో, దోర్రాని నా ఎదురుగా కూర్చోబెట్టారు. చేతులకు బేడీలు. ముప్పై ఏళ్ళుంటాయేమో, రెండు రాత్రుల లాకప్‌లో నలభై దాటినట్టు కనిపిస్తోంది.

"లల్లా నజీహా, టైమెంతయింది?"

పొద్దుటి నుంచి ఇది ఎనిమిదోసారి అడగడం. పెద్ద వయసు ఆడవాళ్ళని మా దగ్గర లల్లా అంటారు.

"నీకెందుకమ్మా టైము? టైము లేనిది నాకు."

"అమ్మకి ఇవాళ కూడా డయాలసిస్ ఉందండీ. మంగళ, గురు, శని. పదింటికి కుర్చీ ఎక్కుతుంది. నేను పక్కన లేకపోతే చెయ్యి కదిపేస్తుంది. దుప్పటి కింద జపమాల తిప్పుకోవడం ఆవిడకి అలవాటు. ఎంత చెప్పినా వినదు. అందుకే నేను చెయ్యి పట్టుకుని కూర్చుంటా." బేడీల చేతులు బల్ల మీద పెట్టింది. "ఎవరో ఒకర్ని పంపండి. నన్ను ఏం చేసుకుంటారో చేసుకోండి."

"పంపిస్తాను. ముందు నాకు జవాబు చెప్పు. పోయినవారం మీ యజమానితో, ఈ సాఫ్ట్‌వేరు మనిషిని చంపుతుంది అన్నావట. నిజమా?"

"అన్నాను. ఎండలకి చెమటపట్టి అలారం ఊరికే మోగుతోంది, కాస్త మొద్దు చెయ్యమన్నారు సీ రిదా. మొద్దు చేస్తే మనుషులు చస్తారు అన్నాను. చెయ్యనన్నాను. అది బెదిరింపు ఎలా అవుతుందండీ?"

సీ రిదా అంటే యజమాని రిదా సల్లామీ. యాభై అయిదేళ్ళుంటాయి. మంచివాడని ఊరంతా చెప్పుకుంటారు. గాజు తలుపు అవతల నిలబడి, చేతిరుమాలుతో మెడ తుడుచుకుంటూ, మాకు మూడోసారి కాఫీ పంపిస్తున్నాడు. అంత మర్యాద చేసే సాక్షిని నేనెప్పుడూ నమ్మలేదు. కానీ అనుమానం ఒక్కటే ఉంటే చాలదు కదా.

తలుపు తోసుకుని ముంజీ లాబీదీ వచ్చాడు. ట్యూనిస్ ప్రత్యేక విభాగం ఆఫీసరు, నాకంటే పద్నాలుగేళ్ళు చిన్న. మనిషి రాకముందే అత్తరు వాసన వస్తుంది.

"ఇంకా అవలేదా హాజ్జా?"

"నేను హజ్‌కి వెళ్ళలేదయ్యా. హాజ్జా అనకు."

"రిటైరయ్యాక వెళ్దురుగాని లెండి. ఎంత, ఇంకో రెండేళ్ళేగా? ఈ కంప్యూటర్ల గొడవ మీకెందుకు చెప్పండి. మోకాళ్ళ నొప్పితో ఇంట్లో పడుకోక."

"నా మోకాళ్ళ సంగతి సరే. అలారం ఎందుకు మోగలేదో నీకు తెలిసిందా?"

"తెలియక ఏం? చూపిస్తా రండి."

హాల్లో డయాలసిస్ కుర్చీ ఒకటి ఉంది, పరీక్షలు చేసుకోవడానికి. ముంజీ దాని చేతి మీదున్న పట్టీ మీద గ్లాసుతో నీళ్ళు ఒలికించాడు. పక్కనున్న కంప్యూటరు చెవులు చిల్లులు పడేలా కూసింది.

"పదిసార్లు పోశా, పదిసార్లూ మోగింది. సాఫ్ట్‌వేరు బంగారం. పొద్దున పదకొండింటికి సర్టిఫికెట్ మీద సంతకం కూడా పెట్టేశా. మరి వార్డులో ఎందుకు మోగలేదు? ఎవరో చేత్తో నొక్కి ఆపేశారు. నొక్కడం తెలిసినవాళ్ళు ఆ గదిలో ఎవరున్నారు? ఒక్కరే. కిటికీ పక్క కుర్చీ కోసం ఆ ముసలాయనకీ ఈవిడ తల్లికీ నెల్లాళ్ళుగా గొడవట. అయిపోయింది కేసు."

"కిటికీ కోసం మనిషిని చంపుతారటయ్యా?"

"ఇంతకంటే తక్కువకే చంపినవాళ్ళని చూశాను."

నాకు ఒళ్ళు మండింది. కానీ నీళ్ళు పోస్తే అలారం మోగుతోంది, ఆ మాట ఎలా కాదంటాను? అప్పుడు వెనకనుంచి, మీటింగు గది గుమ్మంలోంచి, దోర్రా గొంతు వినిపించింది.

"ఇక్కడ మోగితే అక్కడ మోగినట్టు కాదు సార్."

"అక్కడా ఇక్కడా ఒకే సాఫ్ట్‌వేరు కదా?" అన్నాడు ముంజీ.

"కాదు. పళ్ళాలు వేరు."

ముంజీ పెద్దగా నవ్వాడు. "పళ్ళాలట! ఆకలేస్తోందేమో, ఏదైనా పెట్టించండి."

"నోరు ముయ్యి కాసేపు," అన్నాను. "నువ్వు చెప్పు తల్లీ, నాలాంటి మొద్దుకి అర్థమయ్యేలా చెప్పు."

దోర్రా ఊపిరి తీసుకుంది. "ప్రోగ్రాం మొత్తం మేమే రాయం అండీ. బయటివాళ్ళు రాసిన చిన్న చిన్న ప్యాకేజీలు తెచ్చి వాడుకుంటాం. డెబ్బై దాకా ఉన్నాయి. నేను చేరినప్పుడు అవన్నీ చాంతాడంత జాబితా. ఏది దేనికో ఎవరికీ తెలీదు. నేను వాటిని గుంపులు చేశాను. ఆఫీసులో పళ్ళాలు అంటాం. శుక్రవారం కుస్కుస్ పళ్ళెం చుట్టూ ఇంటివాళ్ళు కూర్చోరూ, అలాగ. ఒకదానితో ఒకటి పని ఉన్నవి ఒక పళ్ళెం. పట్టీని చదివేది, తడి కొలిచేది, అలారం మోగించేది, మూడూ ఒక పళ్ళెం. కూర్చుంటే కలిసి కూర్చోవాలి, లేస్తే కలిసే లేవాలి."

"సరే."

"ఇంకో పళ్ళెం ఉంది, పరీక్షల పళ్ళెం. మేం తప్పులు వెతుక్కోవడానికి వాడే సరుకంతా అందులో ఉంటుంది. అది ఈ ఆఫీసు కంప్యూటర్ల మీదే ఎక్కుతుంది. ఆస్పత్రికి వెళ్ళదు." నా కళ్ళలోకి చూసింది. "మంగళవారం సాయంత్రం నన్ను తీసుకుపోయారు. అప్పటినుంచి ఆ జాబితా నాకెవరూ చూపించలేదు. ఒక్కసారి చూడనివ్వండి."

"కుదరదు," అన్నాడు ముంజీ. "నిందితురాల్ని సాక్ష్యం దగ్గరికి ఎలా తీసుకెళ్తాం?"

"చేతులకి బేడీలున్నాయి. కళ్ళతో చూస్తుంది. కళ్ళకి కూడా వేద్దామా? నీ దగ్గర ఉన్నాయా?"

"ఇది పైకి రిపోర్టు చేస్తాను."

"చెయ్యి. స్పెల్లింగు నజీహా తరీఫీ అని సరిగ్గా రాయి."

జాబితా ఉన్న గాజు గదికి వెళ్ళాం. చిన్నది. ఒక బల్ల, ఒక కుర్చీ, ఒక కంప్యూటరు. జాబితా మార్చాలంటే అక్కడినుంచే మార్చాలి, ఇంకెక్కడినుంచీ కుదరదు. జాబితా దోర్రా చూసుకుంటుంది కనుక ఆ కంప్యూటరు ఎప్పుడూ ఆవిడ పేరు మీదే తెరిచి ఉంటుంది. గది తాళాలు రెండు. ఒకటి ఆవిడ దగ్గర, ఒకటి రిదా దగ్గర. గోడ మీద 'ఇక్కడ తినకండి' అని దోర్రా చేత్తో రాసిన కాగితం. అంతకుమించి ఏమీ లేదు. తెర వెలిగించమని ఆఫీసు కుర్రవాళ్ళలో ఒకరికి చెప్పాను.

ఒంటిగంటా పది. దోర్రా వంగి చదవసాగింది. పెదవులు కదులుతున్నాయి. ఒకచోట ఆగాయి.

"లేదు."

"ఏది లేదు?"

"అలారం. మూడుండాలి, రెండే ఉన్నాయి." కిందికి జరపమంది. అట్టడుగున, పరీక్షల పళ్ళెంలో చిట్టచివర, దొరికింది. ఆవిడ మొహంలో నెత్తురు చుక్క లేదు. "యా రబ్బీ, దేవుడా... ఇక్కడ పెట్టారు. అందుకే ఆఫీసులో మోగింది. ఆస్పత్రిలో అసలు లేనే లేదు. లేనిది ఎలా మోగుతుంది?"

"మరి అలారం దొరక్కపోతే ప్రోగ్రాం ఆగిపోవాలి కదా?" అన్నాను.

"ఆగదండీ. మనిషి మెషీన్ మీద ఉండగా ఏదీ ఆగకూడదని, ఏదైనా కనిపించకపోతే పోనీలే అని ముందుకెళ్ళమని ఎప్పుడో రాశారు." చటుక్కున లేచింది. "మంగళవారం నుంచి వార్డులో అలారం లేదు. ఇప్పుడూ లేదు. అమ్మ!"

నేను ఫోను అందుకున్నాను. ముంజీకి మాత్రం పండగలా ఉంది. తెర మీద వేలు పెట్టాడు.

"ఎవరు మార్చారో కూడా చదవండి హాజ్జా. సోమవారం మధ్యాహ్నం రెండూ ఇరవై. పేరు దోర్రా కమ్మూన్. చాలా థాంక్సమ్మా, నీ ఉరితాడు నువ్వే పేనిచ్చావు."

"నేనే అనుకోండి!" అని అరిచింది దోర్రా. "ఎక్కడ సంతకం పెట్టమంటే అక్కడ పెడతా. ముందు వార్డుకి ఫోన్ చెయ్యండి. మీ కాళ్ళు పట్టుకుంటా సార్, ఫోన్ చెయ్యండి!"

అప్పటికే నేను చేస్తున్నాను. నాలుగో మోతకి నర్సు లతీఫా ఎత్తింది.

"లతీఫా, అలారం పనిచెయ్యట్లేదు. కారణం తర్వాత చెప్తా. అందరి చేతుల మీదా దుప్పట్లు తీసెయ్యి. ఒక్కో సూదీ చూడు. ఫోను పెట్టకు."

పరుగెడుతున్న చెప్పుల చప్పుడు వినిపించింది. దోర్రా నా మణికట్టు పట్టుకుంది. బేడీల ఇనుము గుచ్చుకుంటున్నా నేను చెయ్యి లాక్కోలేదు.

"అన్నీ పొడిగానే ఉన్నాయి లల్లా," అంది లతీఫా ఆయాసపడుతూ.

"తొమ్మిదో కుర్చీ?"

"తొమ్మిది ఖాళీ కదా. సాల్హా అమ్మ ఇక్కడ లేదు. పొద్దున వచ్చింది పాపం. హాజ్ బషీర్ కొడుకులు గేటు దగ్గర గొడవ చేశారు, హంతకురాలి తల్లి పక్కన మా చుట్టాల్ని కూర్చోబెడతారా అని. ఉమ్మేశారు కూడా. డాక్టరు గారు అంబులెన్స్ ఎక్కించి మహ్రెస్ ఊళ్ళోని కేంద్రానికి పంపేశారు. పన్నెండింటికి అక్కడ కుర్చీ ఎక్కిందట. నాలుగు గంటలు పడుతుంది."

ఫోను పెట్టి, ఉన్నదున్నట్టు దోర్రాకి చెప్పాను. తల్లి మీద ఉమ్మేసిన మాట తప్ప.

"మహ్రెసా?" కుర్చీలో కూలబడింది. ఏడుస్తోందో నవ్వుతోందో తెలియలేదు. "అల్‌హమ్దులిల్లా. అక్కడ ఇంకా పాత జాబితానే. కొత్తది మన ఊళ్ళో ఒక్కచోటే ఎక్కించాం. పదిహేను రోజులు చూశాకే మిగతా పది ఊళ్ళకీ. మహ్రెస్‌లో అలారం ఉంది. మోగుతుంది."

హమ్మయ్య అనుకున్నాను. ఇక మిగిలింది ఈ పిల్ల మెడ. ఒకటీ ఇరవై రెండు.

మళ్ళీ తెర ముందు నిలబడ్డాను. కంప్యూటర్లు నాకు రావు గానీ మనుషుల అలవాట్లు వచ్చు. ప్రతి పళ్ళెం మీదా దోర్రా ఒక వాక్యం రాసి పెట్టింది, ఇవి ఎందుకు కలిసి ఉన్నాయో. ఏదైనా ఒకచోటినుంచి ఇంకోచోటికి జరిపితే, ఎందుకు జరిపిందో దాని పైనే మరో వాక్యం. డెబ్బై ప్యాకేజీల్లో కారణం లేకుండా జరిగింది ఒకటే, అలారం.

"హత్య చేసేవాళ్ళు కారణం రాసి పెడతారా?" అన్నాడు ముంజీ.

"అది నిజమే," అని ఒప్పుకున్నాను. "హసూనాని పిలవండి."

హసూనా కాపలాదారు. తెల్ల గడ్డం, వినికిడి కాస్త తక్కువ. ఎండాకాలం మా దగ్గర ఆఫీసులన్నీ ఒకే పూట. ఎనిమిదింటికి తెరిస్తే రెండింటికి మూత.

"సోమవారం దోర్రా ఎన్నింటికి వెళ్ళింది మామా?"

"రెండింటికి, అందరితోపాటే. రెండూ అయిదుకి తాళం వేశానమ్మా."

"ఆ తర్వాత తిరిగొచ్చి ఉంటుంది," అన్నాడు ముంజీ. "ఈయన కునుకు తీసి ఉంటాడు."

"నేను నిద్రపోలేదు బాబూ! తాళం వేశాక లోపలికి ఎవరొచ్చారని మీరు మొన్న అడిగారు. ఎవరూ రాలేదన్నాను. ఇప్పుడూ అదే చెప్తున్నా."

నాకు బుర్ర వెలిగింది. ఇరవై ఏడేళ్ళ సర్వీసులో ఈ మాట ముందే తట్టాల్సింది.

"మామా, లోపలికి ఎవరూ రాలేదు. మరి బయటికి ఎవరైనా వెళ్ళారా?"

"బయటికా? సీ రిదా వెళ్ళారు." ఎంతో మామూలుగా చెప్పాడు. "రెండున్నరకి లోపల్నుంచి తలుపు తట్టారు, తీశాను. ఆ రోజు భోజనానికి ఇంటికెళ్ళలేదాయన. వాళ్ళావిడ చేప పులుసు పంపింది. సగం నాకే ఇచ్చేశారు, మహానుభావుడు."

"మరి ఈ మాట ఎందుకు చెప్పలేదయ్యా!" అన్నాడు ముంజీ.

"మీరు అడిగితేగా!"

గాజు తలుపు అవతల రిదా లేడు. మెట్ల దగ్గర పట్టుకున్నాను, చేతిలో కారు తాళాలు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకోవడమంటే ఇదే. కాలర్ పట్టుకుని గాజు గదికి లాక్కొచ్చాను. మోకాళ్ళ నొప్పి ఆ క్షణాన గుర్తే లేదు.

"చెప్పు."

"నేను చంపలేదు లల్లా. ఒక్క పూట కోసం..." చేతిరుమాలు కోసం జేబు తడుముకున్నాడు. "మంగళవారం పొద్దున ఆస్పత్రుల కాంట్రాక్టు కమిటీ వార్డుకి వస్తోంది. చెమటకి అలారం ఊరికే మోగితే కాంట్రాక్టు రద్దు చేస్తారు. మా ఆఫీసులో పనిచేసే ముప్పై మంది పిల్లలు రోడ్డున పడతారు. ఒక్క పూట అలారం లేకుండా చేసి, మధ్యాహ్నానికి మళ్ళీ దాని పళ్ళెంలో పెట్టేద్దామనుకున్నా. మెషీన్ దోర్రా పేరు మీద తెరిచే ఉంది. ఎవరికి తెలుస్తుందిలే అనుకున్నా. పదీ నలభైకే..."

"పోయాడు. సరే. అయ్యాక ఎందుకు పెట్టలేదు? రెండు రోజులు అయింది కదా!"

రిదా దోర్రా వైపు చూడలేకపోయాడు.

"పెడితే రికార్డులో పడుతుంది. ఈ అమ్మాయి లాకప్‌లో ఉంది. మరి మార్చిందెవరంటారు?"

అంతమందిని ఆ మెషీన్ల మీద పెట్టి, తన పేరు బయట పడుతుందని నోరు మూసుకు కూర్చున్నాడు. ఊరంతా మంచివాడంటారు ఇతన్ని. చెంప ఛెళ్ళుమనిపించాలని చెయ్యి లేచింది. మళ్ళీ దించుకున్నాను.

ముంజీ మొదటిసారి తలవంచుకుని, జేబులోంచి తాళంచెవి తీసి ఆమె బేడీలు విప్పాడు. "నిన్ను అనవసరంగా..." అని ఏదో గొణిగాడు. దోర్రా వినలేదు. ఆమె రిదానే చూస్తోంది. రిదా గోడ గడియారాన్ని చూస్తున్నాడు. తప్పు ఒప్పుకున్న మనిషికి భారం దిగాలి. ఇతనికి ఇంకా చెమట కారుతోంది.

"ఇంకా ఏముంది?" అన్నాను.

"పొద్దున సీ ముంజీ సర్టిఫికెట్ ఇచ్చారు కదా, సాఫ్ట్‌వేరులో లోపం లేదని. కమిటీ నుంచి ఫోనొచ్చింది. ఇంక పదిహేను రోజులు ఎందుకు, మిగతా ఊళ్ళకీ ఇవాళే ఎక్కించెయ్యండి అన్నారు. కాదంటే ఎందుకంటారు కదా. పన్నెండున్నరకి..."

"పంపించేశారా?" దోర్రా గొంతు పీలగా ఉంది. "పది ఊళ్ళకీనా?"

"పంపించేశా."

"మహ్రెస్?"

"అన్నిటికంటే ముందు మహ్రెసే."

ఒకటీ నలభై. దోర్రా కీబోర్డు మీద పడింది. అలారాన్ని పరీక్షల పళ్ళెంలోంచి తీసి దాని చోట పెట్టింది. ఆ కంగారులో కూడా పైన కారణం రాయడం మరిచిపోలేదు, 'కలిసే లేవాలి' అని. మీట నొక్కింది.

"అక్కడ ఎక్కడానికి ఇరవై నిమిషాలు పడుతుంది. ఈలోపు దుప్పట్లు తీయించండి, ఫోన్లు చెయ్యండి!"

ముంజీ ఎవరూ చెప్పకుండానే కోటు విప్పేసి, ఊళ్ళ జాబితా సగానికి చింపి నాకొక ముక్క ఇచ్చాడు. అతను తన ముక్కలోని మొదటి ఊరికి చేశాడు, నేను మహ్రెస్‌కి చేశాను. మహ్రెస్ వార్డులో ఫోను ఉండదు. వచ్చే ఫోనులన్నీ ముందు గదిలోని రిసెప్షన్‌కే. ఒకే పూట రోజుల్లో అక్కడ కూర్చునే పిల్ల ఒకటిన్నరకే బ్యాగు సర్దుకుని వెళ్ళిపోతుంది. వార్డు తలుపు చల్లగాలి పోకుండా మూసి ఉంటుంది. మహ్రెస్ పోలీస్ స్టేషన్‌కి వేరే ఫోనులో కొట్టాను. బండి బయల్దేరింది గానీ, ఊరి అవతల చెక్‌పోస్టు నుంచి రావాలన్నారు.

"ఎత్తారా?" అంది దోర్రా.

లేదని తల ఊపాను. ఆమె వచ్చి నా చేతిలోని ఫోనుకి చెవి ఆనించింది. రెండు రోజులుగా ఎవరూ పట్టుకోని ఆ ముసలి చెయ్యి ఇప్పుడు ఏ దుప్పటి కింద జపమాల తిప్పుతోందో మా ఇద్దరికీ కళ్ళకు కట్టినట్టు కనిపిస్తూనే ఉంది. నర్సు బల్ల మీద మోగాల్సింది ఇంకో పదిహేను నిమిషాలదాకా మోగదు. మహ్రెస్‌లో మోగుతున్నది, మనిషి లేని ఆ ముందు గదిలో, మా ఫోను ఒక్కటే.